అటకెక్కిన గాలిపెట్టె

అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చి ఇలా నా దగ్గరగా జరగండి. ఈ వారం చెప్పబోయేది గట్టిగా చెప్పే సంగతి కాదు. ఒక మగవాడి నిద్ర సంగతి. మన ఇళ్ళల్లో అది ఎవరూ బయట చెప్పుకోరు.

మా అబ్బాయి వెంకటరాజు మోటారుసైకిలుతో సహా రొయ్యల చెరువులో పడ్డాడని చెప్పి పోయినవారం ఆపాను. చెరువుల మీద పనిచేసే జాషువా దిగి లాగబట్టి సరిపోయింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. చెప్పు ఒకటి నీళ్ళలోనే ఉండిపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున్న, కాఫీలు కూడా కాకముందే, ఇంట్లో కారు తాళంచెవి కనబడలేదు.

కనబడకపోవడమేమిటి, కోడలు సూర్యకళ దాన్ని నడుముకి దోపుకుని వంటింట్లో అట్లు పోస్తోంది. అందరికీ కనబడుతూనే ఉంది. అడగడానికే ఎవరికీ నోరు రావడం లేదు.

ఆ రోజు మా మనవరాలు దుర్గాశ్రీని కాకినాడలో దింపి రావాలి. ఎరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది పిల్లకి. పరుపు చుట్ట, బకెట్టు, ఊరగాయ సీసాలు అన్నీ వసారాలో పెట్టుకుని కూర్చుంది. వెంకటరాజు మోచేతికి కట్టుతోనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారయ్యాడు. కూతుర్ని తన కారులో, తన చేతులతో నడుపుకుంటూ తీసుకెళ్ళి దింపాలని వాడి ముచ్చట. ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

వంటింటి గుమ్మంలో నిలబడి, “తాళంచెవి ఇలా తే,” అన్నాడు.

సూర్యకళ అట్టు తిరగేసింది.

“ఇవ్వనండి,” అంది.

అంతే. ఇద్దరిలో ఎవరి గొంతూ పెరగలేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎంత కోపం వచ్చినా మొగుడి దగ్గర అండీ అనడం మానరు. కొత్తవాళ్ళు వింటే కుశలప్రశ్నలు వేసుకుంటున్నారనుకుంటారు. లోపల ఎంత మంట ఉందో మాకు తెలుస్తుంది.

ఈలోగా సూర్యకళ తమ్ముడు బుజ్జిబాబు వచ్చాడు. చెరువుల్లో సగం వాటా వాడిది. అక్క పక్షాన మాట్లాడతాడనుకుంటే బావగారి పక్షాన మాట్లాడాడు. బావగారు నిద్రపోవడమేమిటి, గట్టు మీద కుక్క అడ్డం వచ్చింది, తప్పించబోయి పడ్డారు, అని ఊరంతా చెప్పి మరీ వచ్చాడు.

“ఆ కుక్క ఏ రంగురా?” అని అడిగింది సూర్యకళ.

నలుపు అన్నాడు బుజ్జిబాబు. తెలుపు అన్నాడు వెంకటరాజు. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

దుర్గాశ్రీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నాకూ నవ్వొచ్చింది గానీ, నవ్వే సమయం కాదని ఊరుకున్నాను. కుక్కా లేదు, ఏమీ లేదు. పట్టపగలు బండి నడుపుతూ నా కొడుకు నిద్రపోయాడు.

ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

వెంకటరాజుకి గురక. అదేం వింత కాదు, మా వంశంలో అందరికీ ఉంది. వింతేమిటంటే రాత్రంతా గురకపెట్టి నిద్రపోయినవాడు పగలంతా తూగుతూ ఉండేవాడు. మంగలి కుర్చీలో నిద్రపోయేవాడు. పెళ్ళిపందిట్లో వధువు తలమీద అక్షింతలు వెయ్యాల్సింది పోయి, అవి గుప్పెట్లో పట్టుకునే నిద్రపోయాడు. అన్నం తింటూ చెయ్యి పెరుగులో ఉండగానే కళ్ళు మూసేవాడు. ఒళ్ళు బరువని కొందరు, తిండి మందమని కొందరు అన్నారు.

సూర్యకళ పట్టుబట్టి కాకినాడ తీసుకెళ్ళింది. ఒంటినిండా వైర్లు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టి చూశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందట. ఊపిరి ఆగిపోతోందట. ఆగినప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడి లేపుతోందట. ఇలా రాత్రంతా ఆగడం, ఉలిక్కిపడడం. దాన్ని నిద్ర అనరమ్మా అన్నారు డాక్టరుగారు. ఒక మిషను ఇచ్చారు. బూరెల డబ్బా అంత ఉంటుంది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. రాత్రంతా అది మెల్లగా గాలి తోస్తూ ఉంటే గొంతు మూసుకుపోదు. పేరేదో చెప్పారు, నాకు నోరు తిరగదు. నేను గాలిపెట్టె అంటాను.

మొదట్లో వాడు దాన్ని పీకి పారేసేవాడు. సూర్యకళ మళ్ళీ పెట్టేది. వాడు మళ్ళీ పీకేవాడు. చివరికి అలవాటయింది. అలవాటయ్యాక చూడాలి మావాణ్ణి. పొద్దున్నే లేచి గట్లన్నీ తిరిగి వచ్చి, పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మా ఇంట్లో రాత్రిపూట గోడగడియారం చప్పుడు వినబడింది.

అప్పుడు రొయ్యల పట్టుబడి వచ్చింది.

చెరువులున్నవాళ్ళకి చెప్పక్కరలేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పంటంతా పట్టేశాక చెరువు నీళ్ళు తోడేసి, నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెడతారు. రొయ్యలకి గాలి ఆడడం కోసం నీళ్ళలో తిరిగే రెక్కల చక్రాలుంటాయి, ఏరియేటర్లు అంటారు. వాటిని గట్టెక్కించి, బురద కడిగి, ఎండబెట్టి, మోటార్లు గోనెల్లో కట్టి అటకెక్కిస్తారు. మళ్ళీ చెరువులో రొయ్యపిల్లలు వదిలినప్పుడే దింపేది.

మా వెంకటరాజు గాలిపెట్టెని కూడా అలాగే చేశాడు.

ఎంత శ్రద్ధగా చేశాడనుకున్నారు. గొట్టం సబ్బుతో కడిగి దండెం మీద ఆరేశాడు. మాస్కు నీడపట్టున ఆరబెట్టాడు. అన్నీ సంచిలో సర్ది, మూతి కుట్టి, మోటార్ల పక్కనే అటక మీద పెట్టాడు. రోజూ పెట్టుకోవాలని డాక్టరుగారు చెప్పారు, వాడు కాదనలేదు. రోజూ అంటే పంట ఉన్నన్నాళ్ళూ అని వాడి లెక్క. పంట చేతికొచ్చింది, జబ్బు తగ్గింది, ఇంక మిషనుకి పనేముంది?

అప్పుడు సూర్యకళ ఇంట్లో లేదు. చెల్లెలికి ఆపరేషనైతే నిడదవోలులో ఉంది. తిరిగొచ్చి పెట్టె ఏదని అడిగితే, తగ్గిపోయిందిగా అన్నాడు. నిజంగానే కొన్నాళ్ళు తగ్గినట్టే కనబడింది. తర్వాత గురక మెల్లగా తిరిగొచ్చింది. ఆవిడ అడిగినప్పుడల్లా రేపు దింపుతాలే అనేవాడు. ఆ రేపు రాకుండానే కొత్త పంట వేశారు, ఏరియేటర్లన్నీ దిగాయి, పెట్టె మాత్రం దిగలేదు. వాడు బండితో సహా నీళ్ళలోకి వెళ్ళాడు.

పడిన రోజు సాయంత్రం సూర్యకళ డాక్టరుగారికి ఫోన్ చేసింది. నిద్ర ఉన్నన్నాళ్ళూ ఆ మిషను ఉండాల్సిందే అన్నారట. మళ్ళీ వాడడం మొదలుపెట్టి పగటి తూగు పోయేదాకా ఆయన్ని స్టీరింగు ముందు కూర్చోనివ్వద్దని కూడా గట్టిగా చెప్పారట.

అదీ తాళంచెవి సంగతి. ఇంక పొద్దుటి గొడవలోకి వద్దాం.

వెంకటరాజు వసారాలోకి వచ్చి కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఊళ్ళో తన వయసువాళ్ళందరూ గురకపెడతారన్నాడు. వాళ్ళందరూ గొట్టాలు తగిలించుకునే పడుకుంటున్నారా అన్నాడు. డాక్టర్లకి వాళ్ళ వ్యాపారం వాళ్ళది అన్నాడు. బుజ్జిబాబు ప్రతిదానికీ ఆయ్, అవునండి బావగారూ అంటున్నాడు. సూర్యకళ వంటింట్లోంచి బయటికి రాలేదు.

అప్పుడు వాడు నా వైపు తిరిగాడు.

“మా నాన్నగారు గురకపెట్టేవారు కాదూ? ఆయన ఏ మిషను పెట్టుకున్నారమ్మా? నిద్రలోనే హాయిగా వెళ్ళిపోయారు.”

వంటింట్లో పెనం మీద చప్పుడు ఆగింది.

మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు. పుణ్యాత్ముడు, ఎవరి చేతా చేయించుకోకుండా నిద్రలో పోయాడు, అలాంటి చావు ఎంతమందికి దొరుకుతుంది, అని. తొంభై ఆరు తుఫానులో కొబ్బరిచెట్లు పడిపోతుంటే గొడ్లని విప్పడానికి వెళ్ళిన మనిషి ఆయన. అప్పుడు కూడా ఆయన ప్రాణానికి అంత భయపడలేదు నేను. మామూలు రాత్రుళ్ళే భయం. గురక గురకగా సాగి టక్కున ఆగేది. ఆగినంతసేపూ నేను కూడా ఊపిరి బిగబట్టుకుని పడుకునేదాన్ని. మళ్ళీ పెద్దగా పీల్చేవారు. అప్పుడు నేనూ పీల్చేదాన్ని. ఇదొక జబ్బని, దానికి వైద్యముంటుందని ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరికి తెలుసు?

“హాయిగా అని నీకెవరు చెప్పారు నాన్నా?” అన్నాను. “పక్కన పడుకున్నది నేను.”

మా వంశంలో మగవాళ్ళు మాట పోగొట్టుకున్నా పట్టు పోగొట్టుకోరు. వెంకటరాజు బావమరిది వైపు తిరిగి, బుజ్జిబాబూ మీ కారు తీసుకురండి, దాన్నే నేను నడుపుతాను అన్నాడు.

ఆ మాట వంటింట్లోకి వినబడింది. సూర్యకళ పొయ్యి కట్టేసింది. చేతులు కడుక్కుని పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. కరివేపాకు కోసం వెళ్ళిందనుకున్నాను.

కాసేపటికి మాకెవరికీ ఏమిటో తెలియని తేడా ఒకటి వచ్చింది.

మా పెరడు దాటి గట్టెక్కితే చెరువులే. ఏరియేటర్ల చప్పుడు పగలూ రాత్రీ మా ఇంట్లో ఉంటుంది. ఉండీ ఉండీ అది వినబడడం మానేసింది మాకు. ఆగితేనే వినబడుతుంది. ఆ పొద్దున్న ఆగింది.

బుజ్జిబాబు పైకి చూశాడు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు. బావా బావమరుదులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని పరుగెత్తారు. దుర్గాశ్రీ నా చెయ్యి పట్టుకుని నడిపించింది.

రోజుల తరబడి ముసురు పట్టి ఉంది. సూర్యుడు కనబడని రోజుల్లో చెరువులో గాలి తక్కువ, అందుకే పగలు కూడా చక్రాలు తిప్పుతారు. ఇప్పుడవి నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాయి. షెడ్డులో స్విచ్చుల బోర్డుకి వీపు ఆనించి, ప్లాస్టిక్ కుర్చీలో సూర్యకళ కూర్చుని ఉంది. అమ్మగారు లేవనంటున్నారండి అని జాషువా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

“అక్కా, అందులో సగం నాది,” అన్నాడు బుజ్జిబాబు. ఏడుపొక్కటే తక్కువ.

“నీ సగానికేమైనా అయితే ఆ నల్లకుక్కని అడుగు,” అంది.

వెంకటరాజు ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా నీటి అంచుకి వెళ్ళి వంగి చూశాడు. రొయ్యలో ఏ తేడా వచ్చినా నీటి రంగు చూసి చెప్పగలడు వాడు.

“గాలి లేకుండా రొయ్యలు ఎంతసేపు ఆగుతాయండి?” అని సూర్యకళ కుర్చీలోంచే అడిగింది.

“ఎండుంటే ఆగేవి. ముసురులో ఆగవు.”

“ఆగకపోతే ఏం చేస్తాయి?”

“పైకి తేలతాయి. గట్టు పక్కకి చేరతాయి.”

“తర్వాతో?”

వాడు వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాడు.

“మీరు తేలరండి,” అంది సూర్యకళ. “వెల్లకిలా పడుకుని నోరు తెరుస్తారు. పొట్ట ఎగురుతుంది, రొమ్ము ఎగురుతుంది, గాలి మాత్రం లోపలికి పోదు. నేను లేచి కూర్చుని మీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తాను. కదిపితే పీలుస్తారు. నాకు కునుకు పడితే ఎవరు కదుపుతారని రోజూ అనుకుంటాను. పంటయ్యాక చెరువు ఎండగడతారు, నిజమే. అప్పుడిందులో రొయ్య ఉండదు కాబట్టి గాలి అక్కరలేదు. మీరు ఏ నెలలో ఊపిరి పీల్చడం మానేస్తారో చెప్పండి. ఆ నెల నేనే పెట్టెని అటకెక్కిస్తాను.”

నీళ్ళ అంచున సన్నటి మీసాలు ఒకటీ అరా కనబడడం మొదలైంది. బుజ్జిబాబు తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

వెంకటరాజు తలచుకుంటే ఆవిడ కుర్చీ పక్కకి లాగి స్విచ్చు వెయ్యలేడా? సూర్యకళ ఎంత మనిషి, గాలేస్తే కదిలిపోయేటట్టుంటుంది. అయినా వాడు లాగలేదు. ఆ సంగతి నేను గమనించాను, ఆవిడా గమనించింది.

వాడు ఎవరితోనూ కాదన్నట్టు నీళ్ళ వైపే చూస్తూ, “పిల్ల ఉద్యోగంలో చేరే రోజు,” అన్నాడు. “ముఖానికి గొట్టం తగిలించుకుని పడుకున్న తండ్రిని గుర్తు పెట్టుకుని వెళ్ళాలా అది?”

అదన్నమాట వాడి మనసులో ఉన్నది. ఇన్నాళ్ళూ కుక్కలు, డాక్టర్లు, వ్యాపారాలు అన్నీ చెప్పాడు గానీ ఇది చెప్పలేదు.

దుర్గాశ్రీ నా చెయ్యి వదిలి ముందుకి వెళ్ళింది. “మిమ్మల్ని జాషువా బురదలోంచి లాగడం నేను చూశాను నాన్నగారూ. ఇప్పటికి నాకు గుర్తున్నది అదే. ఇంకేదైనా ఇవ్వండి గుర్తుపెట్టుకోవడానికి.”

వెంకటరాజు గట్టు మీద కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా అంతా బురద అయింది.

“స్విచ్చు వెయ్యి సూర్యకళా. పెట్టె దింపుతాను.”

“దింపడం కాదండి.”

“పెట్టుకుంటాను.”

“ఎన్నాళ్ళు?”

వాడు మొదటిసారి తలెత్తి ఆవిడ వైపు చూశాడు. “నిద్రపోయినన్నాళ్ళూ,” అన్నాడు.

సూర్యకళ లేచి స్విచ్చులు వేసింది. చక్రాలు ఒక్కొక్కటే నీళ్ళని కొట్టుకుంటూ లేచాయి. బుజ్జిబాబు దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంటూ గట్టు పొడుగునా పరుగులు పెట్టాడు. ఒక్క రొయ్య కూడా పోలేదులెండి. ఆ మాట చెప్పకపోతే మీలో చెరువులున్నవాళ్ళు నా మాట వినరు.

ఇంటికొచ్చాక వాడే నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. మోటార్ల పక్కనున్న సంచి దింపాడు. దాన్ని చూడగానే సూర్యకళ ముఖం మారింది. ఎందులో కట్టాడనుకున్నారు? రొయ్యల మేత బస్తాలో. ఖాళీ బస్తా చేతికందింది, దులిపి వాడుకున్నాడు. ఆ మేతకి ఎండుచేపల వాసన ఉంటుంది, ఎంత దులిపినా పోదు.

ఎలకలు వదులుతాయా? బస్తా అడుగున కన్నం ఉంది. పెట్టె బాగానే ఉంది. గొట్టం నిండా బెజ్జాలు. మాస్కుకి ముక్కు దగ్గరుండే మెత్తటి రబ్బరు సగం లేదు.

వాడు ఆ మాస్కు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మేమందరం వాడి నోటివైపే చూస్తున్నాం. ఇంక ఒక్క మాట చాలు. ఇదిగో పాడైపోయింది, నేనేం చెయ్యను, వచ్చే వారం చూద్దాం అంటే అయిపోతుంది. ఆ వచ్చే వారం ఎలాంటిదో మాకందరికీ తెలుసు. బుజ్జిబాబు ఆ మాట అందించబోయాడు కూడా. సూర్యకళ వాడి వైపు చూస్తే ఆగాడు.

“కాకినాడలో దొరుకుతాయి,” అన్నాడు వెంకటరాజు. “పిల్లని దింపే ముందు అవే కొందాం. పదండి.”

సామాను కారులోకి ఎక్కించారు. నేనూ వస్తానన్నాను, ఎవరూ వద్దనలేదు. వాడు చొక్కా మార్చుకుని వచ్చి, అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేశాడు. తాళంచెవి ఇంకా ఆవిడ నడుముకే ఉంది.

వాడు చెయ్యి తీశాడు. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి అవతలి తలుపు తీసుకుని కూర్చున్నాడు. నా కొడుకు కోళ్ళపందేల్లో, పంచాయితీల్లో గెలవడం చూశాను. అలా చుట్టూ తిరిగి వెళ్ళడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

సూర్యకళ తాళంచెవి తీసి ఇస్తే, దుర్గాశ్రీ స్టీరింగు ముందు కూర్చుంది. డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది గానీ, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఉండగా నడపడం అదే మొదలు. గేరు మార్చినప్పుడల్లా వాడు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. లారీని దాటకు అన్నాడు. హారను కొట్టు అన్నాడు. ముమ్మిడివరం దాటేసరికి మాటలు తగ్గాయి. ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి తల వాలిపోయింది, గురక మొదలైంది.

కిటికీలోంచి గోదావరి గాలి ఎంత వీస్తోందో చెప్పలేను. అంత గాలి మధ్యలో వాడి గురక టక్కున ఆగింది.

దుర్గాశ్రీ వేరే గదిలో పడుకునే పిల్ల. గురక వినేది గానీ అది ఆగడం ఎప్పుడూ వినలేదు. పక్కకి చూసింది. తండ్రి నోరు తెరుచుకుని ఉంది, రొమ్ము ఎగురుతోంది, చప్పుడు లేదు. కారు నెమ్మదించింది.

“ఆపకు,” అంది వెనక నుంచి సూర్యకళ. “నువ్వు రోడ్డు చూడు. ఇది నేను చూస్తాను.”

చెయ్యి ముందుకి చాపి భుజం కుదిపింది. వాడు పెద్దగా ఒక్కసారి పీల్చాడు. కళ్ళు తెరవలేదు. మళ్ళీ గురక, మళ్ళీ ఆగడం, మళ్ళీ ఆవిడ చెయ్యి. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం మానేసింది. దుర్గాశ్రీ కళ్ళు తుడుచుకుని, వాళ్ళ నాన్న దాటొద్దన్న లారీని దాటేసింది. వంతెన దిగాం. కాకినాడ ఇంకా దూరంగానే ఉంది.

ఇక్కడిదాకా మనసులో పెట్టుకోండి. పెట్టుకుని ఊరుకోకండి, ఇంకొకళ్ళకి చెప్పండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పగలంతా తూగే మనిషిని చూపించి, రాత్రంతా హాయిగా గురకపెట్టి నిద్రపోతాడమ్మా అని ఎవరైనా అంటే, వాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకుని, వంతెన మీద సూర్యకళ చెయ్యి ఎక్కడుందో చెప్పండి.